తల్లి హెచ్-4, పిల్లలు సిటిజన్లు, అమ్మమ్మకు గ్రీన్ కార్డు: సెక్షన్ 8కీ, సిటీ నిధులకీ ఎవరు అర్హులు?

ప్రశ్న: పొద్దుతిరుగుడు

టెక్సస్‌లో ఉన్న ఒక కుటుంబం కోసం అడుగుతున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఇంట్లో నలుగురు. తల్లి హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి భార్యకు ఇచ్చే వీసా), ఈఏడీ (పని అనుమతి కార్డు) ఉంది, పార్ట్ టైమ్ ఉద్యోగం. భర్త హెచ్-1బీ, కొట్టేవాడు. విడిగా వచ్చేసింది, విడాకుల కేసు నడుస్తోంది. పిల్లలిద్దరూ (9, 5 ఏళ్లు) ఇక్కడే పుట్టారు. అమ్మమ్మకు 66 ఏళ్లు, సిటిజన్ కొడుకు స్పాన్సర్ చేస్తే గ్రీన్ కార్డు వచ్చి రెండేళ్లు. ప్రస్తుతం తెలిసినవాళ్ల ఇంట్లో సర్దుకుంటున్నారు.

1. సెక్షన్ 8 వోచర్‌కి (అద్దెలో కొంత ప్రభుత్వం కట్టే పథకం) వీళ్లు అప్లై చేయొచ్చా? అమ్మమ్మకు ఇంకా ఐదేళ్లు నిండలేదు, అది అడ్డమా?
2. సిటీకి సీడీబీజీ (ఊళ్ల అభివృద్ధికి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు) డబ్బు వస్తుందట, దాంతో అద్దె సాయం, షెల్టర్ ఇస్తారట. అక్కడ కూడా స్టేటస్ చూస్తారా?
3. తల్లి వివరాలు ఇస్తే ఇమిగ్రేషన్ వాళ్లకు వెళ్తాయా?

---

చల్లపల్లి_బాబ్జీ

ఈఏడీ, సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉన్నాయంటే లీగల్‌గా ఉన్నట్టే కదండీ. అప్లై చేసేయమనండి. ట్యాక్స్ కూడా కడుతోంది కదా.

---

వోచర్_లెక్కలు

బాబ్జీ గారూ, చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. లీగల్‌గా ఉండటం వేరు, హౌసింగ్ సాయానికి అర్హత వేరు. సెక్షన్ 8, పబ్లిక్ హౌసింగ్‌లకు (ప్రభుత్వ అద్దె ఇళ్లు) 1980 నాటి హౌసింగ్ చట్టంలోని సెక్షన్ 214 వర్తిస్తుంది. అందులో అర్హుల జాబితా రాసిపెట్టి ఉంది: సిటిజన్లు, గ్రీన్ కార్డు వాళ్లు, శరణార్థులు, ఆశ్రయం పొందినవాళ్లు, పెరోల్ మీద ఉన్నవాళ్లు, డిపోర్టేషన్ నిలిపివేత పొందినవాళ్లు, ఇంకా రెండు మూడు చిన్న వర్గాలు. హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎల్-2, ఎఫ్-1 (విద్యార్థి వీసా), బీ-2, టీపీఎస్, డాకా లాంటి తాత్కాలిక రక్షణలు ఏవీ అందులో లేవు. ఈఏడీ పని చేసుకోవడానికి అనుమతి మాత్రమే. ఇరవయ్యేళ్లు ట్యాక్స్ కట్టినా ఈ జాబితా మారదు.

అయితే పొద్దుతిరుగుడు గారు చెప్పిన కుటుంబానికి దారి మూసుకుపోలేదు. సెక్షన్ 214 మనిషి మనిషినీ విడిగా చూస్తుంది. ఇంట్లో ఒక్కరు అర్హులైనా 'మిక్స్‌డ్ ఫ్యామిలీ' కింద అప్లై చేయొచ్చు. సాయం మాత్రం అర్హుల సంఖ్యను బట్టి కోస్తారు. ఇక్కడ నలుగురిలో ముగ్గురు అర్హులు: పిల్లలిద్దరూ, అమ్మమ్మ. కాబట్టి నాలుగింట మూడొంతులు వస్తుంది. దరఖాస్తులో ఇంటిపెద్దగా తల్లి పేరు పెట్టడానికి కూడా అడ్డు లేదు, ఇంటిపెద్దే అర్హుడై ఉండాలన్న నియమం లేదు.

అంకెలతో చూద్దాం (లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే, మీ ఊరివి వేరుగా ఉంటాయి). కరెంటు, నీళ్లు కలిపి అద్దె 1,700 డాలర్లు, హౌసింగ్ అథారిటీ (వోచర్లు ఇచ్చే స్థానిక సంస్థ) పేమెంట్ స్టాండర్డ్, అంటే అది లెక్కలోకి తీసుకునే గరిష్ఠ అద్దె, 1,800. కుటుంబం తన ఆదాయం ప్రకారం పెట్టుకోవాల్సిన వాటా 350. రెండిట్లో తక్కువైన 1,700 లోంచి 350 తీస్తే 1,350. నలుగురూ అర్హులైతే అథారిటీ అంతా ఇచ్చేది. ముగ్గురే కాబట్టి 1,350 లో నాలుగింట మూడొంతులు, అంటే 1,012.50. మిగతా 687.50 కుటుంబం కట్టాలి.

పబ్లిక్ హౌసింగ్‌లో ఫార్ములా వేరు. గరిష్ఠ అద్దె 1,400, కుటుంబం వాటా 300 అనుకుంటే సబ్సిడీ 1,100. నలుగురికి పంచితే తలకి 275. ముగ్గురికి 825. 1,400 లోంచి 825 తీస్తే వాళ్లు కట్టాల్సింది 575.

రెండిట్లోనూ దెబ్బతినేది ఒకచోటే: తల్లి సాయానికి అర్హురాలు కాకపోయినా ఆమె జీతం మాత్రం మొత్తం లెక్కలోకి వస్తుంది. భర్త నుంచి వచ్చే చైల్డ్ సపోర్ట్ కూడా. 'నన్ను లెక్కలో వేసుకోరుగా, నా జీతం ఎందుకు చూపాలి' అని దాచిపెట్టి తర్వాత దొరికిపోయినవాళ్లు అథారిటీ అదనంగా కట్టింది తిరిగిచ్చి వోచర్ కూడా పోగొట్టుకుంటారు.

ఇంకోటి. ఇల్లు వెతికేటప్పుడు పేమెంట్ స్టాండర్డ్ దాటని అద్దె చూసుకోమనండి. దాటితే మొదటిసారి చేరేటప్పుడు కుటుంబం కట్టేది మినహాయింపులు పోగా మిగిలే నెల ఆదాయంలో 40 శాతం మించకూడదన్న నియమం అడ్డొస్తుంది. వాటా తగ్గిన కుటుంబం ఆ గీత ఇట్టే దాటేస్తుంది, ఇల్లు దొరికీ చేజారుతుంది.

ఐదేళ్ల సంగతి: అది ఫుడ్ స్టాంప్స్, మెడికెయిడ్, ఎస్ఎస్ఐ లాంటి వాటికి 1996 సంక్షేమ చట్టం పెట్టిన గడువు. సెక్షన్ 8, పబ్లిక్ హౌసింగ్‌లకు ఆ గడువు లేదు. గ్రీన్ కార్డు వచ్చిన మర్నాడే అమ్మమ్మ అర్హురాలు. కౌంటర్ దగ్గర ఎవరైనా 'ఫైవ్ ఇయర్స్' అంటే, ఆ మాట రాసివ్వమని అడగండి. సగం సార్లు అక్కడితోనే సర్దుకుంటుంది.

కాగితాలు: ఇంట్లో ప్రతి మనిషికీ ఒక్కో డిక్లరేషన్ ఫారం ఉంటుంది. మూడు గడులు: నేను సిటిజన్, నేను అర్హత ఉన్న నాన్ సిటిజన్, నేను అర్హత క్లెయిమ్ చేయడం లేదు. పిల్లలకు మొదటి గడి, తల్లే సంతకం చేస్తుంది. తల్లికి మూడో గడి. మూడో గడి పెట్టినవాళ్లు ఇమిగ్రేషన్ కాగితాలు చూపక్కర్లేదు, సోషల్ నంబర్ కూడా తప్పనిసరి కాదు. అమ్మమ్మకు రెండో గడి. ఆమెకు 62 దాటింది కాబట్టి సంతకం చేసిన డిక్లరేషన్, వయసు రుజువు ఉంటే చాలు. గ్రీన్ కార్డు కాపీ అడిగితే ఇవ్వండి, నష్టం లేదు. అది లేదని ఫైల్ ఆపడం మాత్రం నిబంధనకు విరుద్ధం. ఆమె సోషల్ నంబర్ తప్పనిసరి. అది లేకుండా వెయిటింగ్ లిస్ట్‌లో పెడతారు గానీ ఇల్లు ఇవ్వరు.

62 లోపు గ్రీన్ కార్డు వాళ్లయితే ఏ-నంబర్‌ను (ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చే నంబర్) సేవ్ అనే ఫెడరల్ సిస్టమ్‌లో సరిచూస్తారు. పేర్లు ఇక్కడే తేడా కొడతాయి. మన పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, అసలు పేరు ఇంకో గడిలో, గ్రీన్ కార్డులో అవి తిరగబడి, సోషల్ కార్డులో ఇంకోలా. మొదటి చెక్‌లో 'దొరకలేదు' అని వస్తే అక్కడితో తిరస్కరించకూడదు. అథారిటీ పది రోజుల్లో రెండో దశ చెక్‌కి పంపాలి. అందులోనూ కాదంటే కుటుంబానికి అప్పీలుకు 30 రోజులు ఉంటాయి. ఆ అప్పీలు తేలేదాకా స్టేటస్ పేరు చెప్పి సాయం ఆపడానికి వీల్లేదు.

ఎఫ్-1 వాళ్లకు ఒక హెచ్చరిక. ఈ వాటా పద్ధతి విదేశీ విద్యార్థికీ, వాళ్ల వెంట వచ్చిన నాన్ సిటిజన్ భార్య/భర్తకీ, నాన్ సిటిజన్ పిల్లలకీ లేదు. హెచ్-4 తల్లికి చెప్పిన లెక్క ఎఫ్-2 తల్లికి కుదరదు.

---

పేదరాసి_పెద్దమ్మ

రెండో ప్రశ్నకు. ముందు 'అది ఏ పద్దు కింద వచ్చే డబ్బు' అని అడగడం అలవాటు చేసుకోండి. సిటీ ఆఫీసులో ఒకే టేబుల్ మీద నాలుగు పద్దుల డబ్బు పంచుతారు, ఒక్కోదానికి ఒక్కో రూలు.

సీడీబీజీ 1974 చట్టంతో వచ్చింది. యాభై వేల పైన జనాభా ఉన్న నగరాలకు, పెద్ద కౌంటీలకు నేరుగా వస్తుంది. ఇర్వింగ్, ప్లేనో లాంటి మనవాళ్లు ఎక్కువగా ఉన్న ఊళ్లకీ వస్తుంది. సెక్షన్ 214 జాబితాలో సీడీబీజీ లేదు. హోమ్ (ఇళ్లకిచ్చే ఇంకో ఫెడరల్ గ్రాంటు) లేదు. ట్యాక్స్ క్రెడిట్ అపార్ట్‌మెంట్లు (కట్టినవాళ్లు పన్ను రాయితీ తీసుకుని తక్కువ అద్దెకిచ్చేవి) లేవు. అంతమాత్రాన ఎవరికైనా ఇస్తారని కాదు. 1996 చట్టం 'ఫెడరల్ పబ్లిక్ బెనిఫిట్' అనే ఇంకో గీత గీసింది. దాన్ని బట్టి ఇలా విడదీసుకోండి.

రోడ్డు, డ్రైనేజీ, పార్కు, కమ్యూనిటీ సెంటర్: పేట మొత్తానికి చేసిన పని. ఎవరి స్టేటసూ అడగరు, అడగడం కుదరదు కూడా.

ఇల్లు కొనడానికి డౌన్ పేమెంట్ సాయం, ఇంటి రిపేరు లోను: ఒక మనిషి చేతికి అందేది. ఇక్కడ సిటీ వాళ్లు సిటిజన్‌షిప్పో, గ్రీన్ కార్డో, శరణార్థి లాంటి అర్హత ఉన్న స్టేటసో అడుగుతారు. హెచ్-1బీ, హెచ్-4 కుదరదు. ఇంటి టైటిల్ మీద ఎవరి పేర్లుంటే వాళ్లందరివీ చూడొచ్చు.

షెల్టర్, హింస నుంచి తప్పించుకొచ్చినవాళ్లకు ఆశ్రయం: ప్రాణరక్షణకు అవసరమైన సేవలకు 1996 చట్టంలోనే మినహాయింపు పెట్టారు. పైగా లాభాపేక్ష లేని ధార్మిక సంస్థలు స్టేటస్ చెక్ చేయనక్కర్లేదని అదే చట్టం చెబుతోంది. అందుకే ఒకే డబ్బు సిటీ కౌంటర్ దగ్గర ఒకలా, స్వచ్ఛంద సంస్థ దగ్గర ఇంకోలా కనిపిస్తుంది. ఈ తల్లి ముందు వెళ్లాల్సింది అక్కడికే. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే జాతీయ గృహహింస హాట్‌లైన్ 1-800-799-7233. తెలుగు అనువాదకులు కావాలని అడగండి.

ఈ కుటుంబానికి బాగా పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. సీడీబీజీలో ఆదాయం రుజువు చేయకుండానే పేదవాళ్లుగా పరిగణించే వర్గాలున్నాయి: హింసకు గురైన భార్య లేదా భర్త, ఇల్లు లేనివాళ్లు, వృద్ధులు, తీవ్ర వైకల్యం ఉన్న పెద్దవాళ్లు మొదలైనవి. పూర్తిగా ఆ వర్గం కోసమే నడిపే సేవైతే భర్త హెచ్-1బీ జీతం తాలూకు డబ్ల్యూ-2 పట్టుకురమ్మని అడగనక్కర్లేదు. మనవాళ్లను చాలాసార్లు వెనక్కి పంపేది ఆ కాగితం పేరు చెప్పే. భర్త దగ్గరున్న కాగితం ఆమె ఎక్కణ్ణుంచి తెస్తుంది?

అద్దె సాయం సీడీబీజీలో వరుసగా మూడు నెలల వరకే. డబ్బు చేతికివ్వరు, ఇంటి ఓనరుకో, కరెంటు కంపెనీకో నేరుగా పంపుతారు. కాబట్టి లీజు తల్లి పేరు మీద ఉండాలి. తెలిసినవాళ్ల ఇంట్లో ఉంటూ వాళ్ల లీజు చూపిస్తే రాదు. సిటీ తన గ్రాంటులో 15 శాతానికి మించి ఇలాంటి సేవలకు ఖర్చుపెట్టకూడదు, అందుకే త్వరగా అయిపోతుంది. సిటీ ప్రోగ్రామ్ సంవత్సరం ఎప్పుడు మొదలవుతుందో కనుక్కుని మొదటి నెలలోనే వెళ్లాలి.

2025 ఫిబ్రవరిలో వచ్చిన కార్యనిర్వాహక ఉత్తర్వు తర్వాత హడ్ (ఫెడరల్ హౌసింగ్ శాఖ) గ్రాంటు ఒప్పందాల్లో స్టేటస్ చెకింగ్ షరతులు చేర్చడం మొదలుపెట్టింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని కింగ్ కౌంటీ మొదలైనవి కోర్టుకెళ్లి తమ మేరకు తాత్కాలికంగా ఆపించుకున్నాయి. అందువల్ల పక్కపక్క ఊళ్లలోనే రూలు వేరుగా ఉండొచ్చు. పక్క ఊరి అనుభవం చూసి నిర్ణయించుకోకండి.

ట్యాక్స్ క్రెడిట్ అపార్ట్‌మెంట్ల గురించి ఎవరూ ఎందుకు మాట్లాడరో నాకు తెలియదు. వాటికి ఫెడరల్ చట్టంలో ఇమిగ్రేషన్ షరతు లేదు. ఏరియా మధ్యస్థ ఆదాయంలో 50 లేదా 60 శాతం లోపు ఉంటే చాలు. అద్దె వోచర్ అంత తక్కువేమీ ఉండదు. కానీ వోచర్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే బదులు ఇవి ముందు చూడాలి. ఇంట్లో అందరూ ఫుల్ టైమ్ విద్యార్థులే అయితే మాత్రం ఇవ్వరు, కొద్ది మినహాయింపులతో. నలుగురు ఎఫ్-1 కుర్రాళ్లు కలిసి తీసుకోలేకపోయేది అందుకే.

---

కృష్ణలంక

అమ్మమ్మ ఆస్తుల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇండియాలో ఇల్లు, పొలం, ఫిక్స్‌డ్ డిపాజిట్, ఫ్యామిలీ పెన్షన్ ఏవి ఉన్నా చూపాల్సిందే. దేశం బయట ఉన్నాయని వదిలేయకూడదు.

పెన్షన్‌కు పెన్షన్ పేమెంట్ ఆర్డర్, ఏడాది బ్యాంక్ స్టేట్‌మెంట్, ఇంగ్లీష్ అనువాదం. ఇంటికి సబ్ రిజిస్ట్రార్ ఇచ్చే మార్కెట్ విలువ సర్టిఫికెట్, ఈసీ. అమ్మితే అయ్యే ఖర్చులు తీసేసి మిగిలేదే విలువ. తన వాటా ఎంతో అంతే చూపాలి. అన్నదమ్ములందరూ సంతకం పెడితే తప్ప అమ్మలేని ఉమ్మడి ఆస్తి అయితే, లేదా కోర్టులో ఉంటే, ఆ సంగతి రుజువుతో రాయండి: చట్టప్రకారం అమ్మే అధికారం లేని ఆస్తిని కొత్త హోట్మా (హౌసింగ్ ఆధునికీకరణ చట్టం) నిబంధన లెక్కలోంచి తీసేస్తుంది. ఆ నిబంధన ఆస్తుల పరిమితిని లక్ష డాలర్లు (ఏటా ధరల ప్రకారం పెరుగుతుంది) అంటోంది. దాన్ని మీ హౌసింగ్ అథారిటీ ఏ తేదీ నుంచి అమలు చేస్తోందో అడగండి.

'అయితే ఇల్లు కొడుకు పేరిట గిఫ్ట్ డీడ్ చేసేస్తే పోలా' అని ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు అంటారు. పోదు. దరఖాస్తుకు ముందు రెండేళ్లలో మార్కెట్ ధర కంటే తక్కువకు ఇచ్చేసిన ఆస్తి ఇంకా మీ దగ్గరే ఉన్నట్టు లెక్కేస్తారు. ఫారంలో ఆ ప్రశ్న సూటిగానే ఉంటుంది.

స్పాన్సర్ చేసిన కొడుకు జీతం మొత్తం అమ్మమ్మ ఆదాయంగా కలపరు. కానీ ప్రతి నెలా పంపే డబ్బు ఆదాయమే.

రెండు 180లు గుర్తుపెట్టుకోండి. వోచర్ ఇంటికి వరుసగా 180 రోజులు మించి దూరంగా ఉండకూడదు, మీ అథారిటీ ఇంకా తక్కువ కూడా పెట్టి ఉండొచ్చు. గ్రీన్ కార్డు మనిషి 180 రోజులు దాటి బయట ఉండి తిరిగొస్తే ఎయిర్‌పోర్టులో కొత్తగా ప్రవేశం కోరుతున్నట్టు చూస్తారు, పబ్లిక్ చార్జ్ (ప్రభుత్వ సాయం మీద బతుకుతారా అనే) ప్రశ్న అక్కడ రావచ్చు. 2022 నాటి నిబంధనలో హౌసింగ్ సాయం పబ్లిక్ చార్జ్ కిందికి రాదు, అయితే ఆ నిబంధన ఎత్తేస్తామని 2025 నవంబరులో ప్రతిపాదించారు. సంక్రాంతికని వెళ్లి మామిడికాయల దాకా ఉండిపోయే అలవాటు ఉంటే తేదీలు ముందే లెక్కవేసుకోండి. పైగా ఆమె ఇల్లు ఖాళీ చేసి అక్కడే స్థిరపడితే కుటుంబం ముగ్గురవుతుంది, అర్హులు ఇద్దరు. మూడొంతులు కాస్తా మూడింట రెండు.

---

ప్లేనో_పక్కింటి

మధ్యలో దూరుతున్నాను, క్షమించండి. తల్లి తమ్ముడు హెచ్-1బీ. ఎఫ్‌హెచ్ఏ (ఫెడరల్ ప్రభుత్వ హామీ ఉన్న) లోన్‌తో ఇల్లు కొని వీళ్లను అందులో ఉంచొచ్చా?

---

వోచర్_లెక్కలు

ఎఫ్‌హెచ్ఏ ఆ దారి మూసేసింది. 2025 మే 25 నుంచి కేస్ నంబర్ పడ్డ లోన్లకు గ్రీన్ కార్డు లేకుండా వీసా మీద ఉన్నవాళ్లు అర్హులు కారు. ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మాక్ కిందికి వచ్చే మామూలు కన్వెన్షనల్ లోన్లు హెచ్-1బీకి ఇస్తున్నారు. చెల్లుబాటయ్యే వీసా, ఉద్యోగ కొనసాగింపు చూస్తారు. ఇంకో మాట: ఓనరు బంధువైతే ఆ ఇంటికి వోచర్ వాడనివ్వరు. తమ్ముడు ఓనరైతే అక్క వోచర్ అక్కడ చెల్లదు, వైకల్యం కోసం ఇచ్చే మినహాయింపు తప్ప.

---

పొద్దుతిరుగుడు

అందరికీ థాంక్స్ అండి. మూడో ప్రశ్న మిగిలింది. తల్లి భయపడుతోంది. ఆమె పేరు రాయకుండా అమ్మమ్మ, పిల్లల పేర్లతోనే పెడితే?

---

పేదరాసి_పెద్దమ్మ

వద్దు. ఆ ఇంట్లో ఉండే ప్రతి మనిషి పేరూ రాయాలి. రాయకుండా అక్కడే ఉంటే అది తప్పుడు సమాచారం. వోచర్ పోవడం అటుంచి, రేపు ఆమె ఇమిగ్రేషన్ కేసులో అదే ఫారం తీసి చూపిస్తారు. పేరు రాసి మూడో గడిలో టిక్ పెట్టడం చట్టం ఇచ్చిన దారి.

సమాచారం సంగతి: ఒక వ్యక్తి చట్టవిరుద్ధంగా దేశంలో ఉన్నారని హౌసింగ్ అథారిటీకి 'తెలిస్తే' ఏడాదికి నాలుగుసార్లు రిపోర్టు చేయాలని చట్టం ఉంది. అర్హత క్లెయిమ్ చేయలేదన్నంత మాత్రాన 'తెలిసినట్టు' కాదని 2000లో ఫెడరల్ ఏజెన్సీలు వివరణ ఇచ్చాయి. కానీ 2025 మార్చిలో హడ్, హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ సమాచారం పంచుకునే ఒప్పందం చేసుకున్నాయి. మిక్స్‌డ్ ఫ్యామిలీ పద్ధతినే తీసేయాలని 2019లో ఒకసారి ప్రతిపాదించి 2021లో వెనక్కి తీసుకున్నారు. ఆ ఆలోచన మాత్రం పోలేదు. అందుకే సంతకం పెట్టే వారం ఏ రూలు నడుస్తోందో చూసుకోవాలి.

ప్రస్తుతం ఆమె స్టేటస్‌లోనే ఉంది కాబట్టి భయపడాల్సిందేమీ లేదు. అసలు తేదీ విడాకుల తీర్పు. ఆ రోజుతో హెచ్-4 పోతుంది. అప్పటికి ఇంకో స్టేటస్‌కి అప్లికేషన్ వేసి ఉండాలి. భర్త హెచ్-1బీ కాబట్టి వావా (గృహహింస బాధితుల చట్టం) కింద సెల్ఫ్ పిటిషన్, అదే ఐ-360, వేయడానికి లేదు. భర్త సిటిజనో గ్రీన్ కార్డో అయ్యుంటే వేయొచ్చు, దాంతో హౌసింగ్ అర్హత కూడా వచ్చేది. పోలీసు రిపోర్టు ఉండి విచారణకు సహకరిస్తే యూ వీసా (నేర బాధితులకిచ్చేది) అడగొచ్చు. అది హౌసింగ్‌లో ఆమెను అర్హురాల్ని చేయదు, గ్రీన్ కార్డు వచ్చాకే అవుతుంది. ఈలోపు లెక్క అదే, నాలుగింట మూడు.

వరుస ఇలా పెట్టుకోండి: ముందు షెల్టర్ సంస్థ, అక్కడే ఉచిత లాయర్‌తో విడాకుల తేదీ గురించి మాట్లాడటం, తర్వాత ట్యాక్స్ క్రెడిట్ అపార్ట్‌మెంట్ల జాబితా, దాంతోపాటే వోచర్ వెయిటింగ్ లిస్ట్. వోచర్ లిస్ట్ కొన్నిచోట్ల ఏడాదిలో నాలుగు రోజులే తెరుస్తారు. గృహహింస బాధితులకు ముందు వరుస ఇచ్చే అథారిటీలు ఉన్నాయి, దరఖాస్తులో ఆ గడి వదిలేయకండి. దానికి హడ్-5382 అనే ఫారంలో ఆమె స్వయంగా రాసిచ్చే ప్రకటన సాధారణంగా సరిపోతుంది, పోలీసు రిపోర్టు కోసం ఆగక్కర్లేదు. చిరునామా దగ్గర షెల్టర్ అడ్రస్ రాయొద్దు, పీవో బాక్స్ ఇవ్వండి. లిస్ట్ నుంచి పేరు పోయేది ఎక్కువగా ఉత్తరం అందక, జవాబు గడువు దాటిపోయినప్పుడే.